ఊరి పెద్ద పేరు: షుల్ట్స్ అనే జర్మన్ ఇంటిపేరు కథ



ఇంటిపేరు మనకు పేరుకు ముందు వస్తుంది, జర్మన్లకు పేరు తర్వాత వస్తుంది. ఎక్కడ వచ్చినా దాని పని ఒకటే. ఒకే పేరున్న ఇద్దరు మనుషులను వేరుచేసి చూపడం, ఫలానా ఇంటివాడు అని ఊరికి గుర్తు చెప్పడం. ఈనాటి ప్రసంగంలో అలాంటి ఒక జర్మన్ ఇంటిపేరును తీసుకుని, అది ఎలా పుట్టింది, ఎలా పాకింది, ఇవాళ ఎక్కడెక్కడ వినిపిస్తుంది అనే విషయాలు ముచ్చటిస్తాను. ఆ పేరు షుల్ట్స్.

జర్మన్ ఇంటిపేర్లు వందల వేలు ఉన్నాయి. వాటిలో దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, ఇది ఒక గ్రామోద్యోగం నుంచి పుట్టిన పేరు. కరణం, మునసబు, పటేలు, శానుభోగు, కులకర్ణి వంటి మాటలు చెవిన పడుతూ పెరిగిన మన సరిహద్దు జిల్లాల వారికి ఈ కథ వేరేగా విడమరచి చెప్పనక్కరలేదు. ఇంకో కారణం కూడా ఉంది. తెలుగు భాషలో అచ్చయిన తొలి పుస్తకాల వెనక ఉన్న మనిషి ఇంటిపేరు కూడా ఇదే. ఆయన సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు మాట పుట్టుక చూద్దాం. పాత జర్మన్ భాషలో 'స్కుల్ద్' అంటే బాకీ, చెల్లించవలసిన బాధ్యత. 'హైజాన్' అంటే ఆజ్ఞాపించడం. ఈ రెండూ కలిసి 'స్కుల్ద్‌హైజో' అయింది. అంటే బాకీలు కట్టమని ఆజ్ఞాపించేవాడు, ప్రజలు తమ విధులు నెరవేర్చేటట్టు చూసేవాడు అని అర్థం. కాలక్రమాన ఈ మాట నోళ్ళలో నలిగి 'షుల్ట్‌హైస్' అయింది. అది ఇంకా కుదించుకుని తూర్పు జర్మనీలో షుల్ట్స్, మధ్య ప్రాంతాల్లో షుల్ట్సె, సైలీషియాలో షోల్ట్స్, పడమట వెస్ట్‌ఫాలియాలో షుల్టె, నైరుతి దిక్కున షుల్టెస్ అయింది. ఒకే చెట్టు కొమ్మలు ఇవన్నీ.

ఈ షుల్ట్‌హైస్ చేసే పని ఏమిటి? ప్రభువుకు రావలసిన శిస్తు, ధాన్యం వసూలు చేసేవాడు. ఊళ్ళో చిన్న తగాదాలు వస్తే పంచాయతీ కూర్చోబెట్టి, దానికి తానే అధ్యక్షత వహించేవాడు. ప్రభువు మాట ఊరికీ, ఊరి మాట ప్రభువుకీ చేరవేసేవాడు. 13వ శతాబ్దం మొదటి భాగంలో ఐకె ఫాన్ రెప్‌గోవ్ అనే ఆయన సాక్సన్ ప్రాంతపు ఆచార న్యాయాన్ని ఒక గ్రంథంగా కూర్చాడు. దాని పేరు 'సాక్సెన్ ష్పీగెల్'. ఆ గ్రంథంలో న్యాయసభల ప్రస్తావనలోనే ఈ షుల్ట్‌హైస్ కనిపిస్తాడు.

అయితే ఈ పేరు అంతగా పెరగడానికి మరో పెద్ద కారణం వలస. 12వ శతాబ్దం నుంచి 14వ శతాబ్దం దాకా జర్మన్ మాట్లాడే రైతులు ఎల్బె నది దాటి తూర్పుకు కదిలారు. బ్రాండెన్‌బుర్గ్, పొమెరేనియా, సైలీషియా, ప్రష్యా ప్రాంతాల్లో అడవులు కొట్టి, చిత్తడి నేలలు బాగుచేసి కొత్త ఊళ్ళు కట్టుకున్నారు. అక్కడ అంతకుముందు నుంచే స్లావు భాషలు మాట్లాడే ప్రజలు ఉన్నారు. కొన్ని ఊళ్ళలో ఇద్దరూ కలిసి బతికారు. కొన్నిచోట్ల పాతవారి భాష క్రమంగా కొత్తవారి భాషలో కలిసిపోయింది.

ఇలా కొత్త ఊరు కట్టాలంటే ఎవరో ఒకరు పూనుకోవాలి. ప్రభువుతో ఒప్పందం చేసుకుని, రైతులను పోగుచేసి, వాళ్ళను తీసుకువచ్చి, పొలాలు కొలిచి పంచేవాడు ఒకడు కావాలి. అతన్ని 'లొకేటర్' అనేవారు. ఊరు నిలబడిన తర్వాత అతని శ్రమకు ప్రతిఫలంగా ఆ ఊరి షుల్ట్సె పదవిని వంశపారంపర్యంగా ఇచ్చేవారు. దానితోపాటు పన్నులేని భూమి, న్యాయసభలో వేసిన జరిమానాల్లో సాధారణంగా మూడో వంతు, చాలాచోట్ల సారాయి అంగడి పెట్టుకునే హక్కో, పిండిమర హక్కో దక్కేది. మన వైపు గ్రామోద్యోగులకు ఇచ్చిన ఇనాం భూములు, మిరాశీ హక్కులు ఎరిగినవారికి ఈ ఏర్పాటు వింతగా తోచదు. కొలువు తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి వెళ్ళేది. కొలువుతో పాటు ఆ మాట కూడా ఇంటికి అంటుకుపోయేది.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. ఊరి పెద్ద ఊరికి ఒక్కడే గదా! ఒక్కడి పేరు లక్షల మందికి ఎలా వచ్చింది? ఆలోచిస్తే ఇందులోనే జవాబు ఉంది. ఊరికి ఒక్కడే కాబట్టే అది గుర్తుగా పనికొచ్చింది. ఊళ్ళో నలభై ఇళ్ళవాళ్ళూ సేద్యగాళ్ళే అయితే 'సేద్యం చేసే హాన్స్' అంటే ఏ హాన్సో తెలియదు. 'ఊరిపెద్ద ఇంటి హాన్స్' అంటే చప్పున తెలుస్తుంది. అదేవిధంగా పిండిమర ఊరికొకటి, కమ్మరి కొలిమి ఊరికొకటి. అందుకే మర నడిపేవాడి పేరైన మ్యూలర్, కమ్మరి పేరైన ష్మిట్ ఇవాళ జర్మనీలో మొదటి రెండు స్థానాల్లో ఉన్నాయి. బట్టలు కుట్టే ష్నైడర్, చేపలు పట్టే ఫిషర్, నేతపని చేసే వేబర్, బండ్లు చేసే వాగ్నర్, రొట్టెలు కాల్చే బెకర్, భూమి వ్యవహారాలు చూసే మాయర్, ఇవన్నీ ఆ తర్వాత వరుసలో వస్తాయి. మన షుల్ట్స్ కూడా మొదటి పది పేర్లలో ఒకటి. వేలాది ఊళ్ళలో వేలాది ఇళ్ళకు ఆ పేరు విడివిడిగా వచ్చింది. కాబట్టి ఇద్దరు షుల్ట్స్‌లు ఎదురుపడితే వాళ్ళు జ్ఞాతులు కానక్కరలేదు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. షుల్ట్స్ పేరున్న ప్రతివాడి పూర్వీకుడూ ఊరిపెద్ద అయి ఉండనక్కరలేదు. ఆ ఇంట్లో పనిచేసిన పాలేరుకు, ఆ ఇంటి పక్కన కాపురమున్నవాడికి, ఆ పెద్దకు కొంచెం బంధుత్వమున్నవాడికి కూడా ఊరివాళ్ళు ఆ పేరు తగిలించి ఉండవచ్చు. ఇంటిపేరు చూసి వంశ గౌరవం లెక్కకట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వెస్ట్‌ఫాలియాలో మరీ విచిత్రమైన ఆచారం ఉండేది. అక్కడ షుల్టె అంటే పెద్ద కమతానికి అధిపతి. పేరు మనిషిది కాదు, కమతానిది. మగపిల్లలు లేని ఇంటికి అల్లుడిగా వచ్చినవాడు తన పుట్టింటి పేరు వదిలి ఆ కమతం పేరు పెట్టుకునేవాడు. మన ఇల్లరికం లాంటిదే గానీ, అల్లుడితో పాటు అతని ఇంటిపేరు కూడా మారేది. ఇవాళ్టికీ ఆ ప్రాంతంలో షుల్టె అన్న మాటకు కమతం పేరు జోడించిన జంట ఇంటిపేర్లు చాలా కనిపిస్తాయి.

మరి ఊరిపెద్దను జర్మనీ అంతటా షుల్ట్‌హైస్ అనే అన్నారా? లేదు. సాక్సనీలో చాలాచోట్ల, ఇంకా బవేరియా, ఆస్ట్రియా వైపు 'రిష్టర్' అన్నారు, అంటే న్యాయాధికారి. స్విట్జర్లాండు, స్వాబియా వైపు 'అమ్మన్' అన్నారు. మరికొన్నిచోట్ల 'ఫోక్ట్' అన్నారు. ఈ మాటలన్నీ ఇంటిపేర్లయ్యాయి. అందుచేత ఇవాళ జర్మనీ పటం మీద ఏ ఇంటిపేరు ఎక్కడ ఎక్కువో చుక్కలు పెడితే, ఏడెనిమిది వందల ఏళ్ళనాటి పరిపాలన పటం బయటపడుతుంది. ఈ పని నిజంగానే జరిగింది. 2005 నాటి టెలిఫోను కనెక్షన్ల జాబితా ఆధారంగా పండితులు 'జర్మన్ ఇంటిపేర్ల అట్లాసు' తయారుచేశారు. 2009 నుంచి 2018 దాకా ఏడు సంపుటాలుగా అది వెలువడింది. బెర్లిన్ చుట్టుపట్ల, ఉత్తరాన, ఈశాన్యాన షుల్ట్స్, దానికి దక్షిణంగా షుల్ట్సె, పడమట షుల్టె, ఇలా చారలు చారలుగా కనిపిస్తాయి. టెలిఫోను పుస్తకం చరిత్ర పుస్తకం అయిందన్నమాట.

ఇక రాతలో తేడాలు. చాలా కాలం పాటు ఎవరి చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నారు. ఒకే మనిషి పేరును చర్చి పుస్తకంలో ఒక గుమస్తా ఒక విధంగా, మరో గుమస్తా మరో విధంగా రాసిన సందర్భాలు కోకొల్లలు. మధ్యలో 'టి' అక్షరం పెట్టినా, పెట్టకపోయినా పలకడం షుల్ట్స్ అనే. 16వ శతాబ్దంలో చదువుకున్నవారికి లాటిన్ మోజు పుట్టింది. వారు షుల్ట్‌హైస్‌ను 'స్కుల్తేతుస్' అని మార్చుకున్నారు. మరికొందరు ఏకంగా అనువదించి 'ప్రెటోరియుస్' అన్నారు. 1621లో మరణించిన ప్రసిద్ధ సంగీతకర్త మిఖాయెల్ ప్రెటోరియుస్ అసలు ఇంటిపేరు కూడా షుల్ట్‌హైసే. చివరకు 1875లో జర్మన్ సామ్రాజ్యం జననం, వివాహం, మరణం సర్కారు పుస్తకాల్లో నమోదు చేయాలని చట్టం చేసింది. 1876 జనవరి 1 నుంచి అది దేశమంతటా అమలైంది. ఆనాడు గుమస్తా ఏ అక్షరాలతో రాశాడో అవే ఆ కుటుంబానికి స్థిరపడిపోయాయి.

దీనికి కాస్త ముందే, 1872లో ప్రష్యా రాజ్యం తన తూర్పు రాష్ట్రాల్లో వంశపారంపర్య షుల్ట్సె పదవిని రద్దు చేసింది. కొలువు పోయింది, పేరు నిలిచింది. మన వైపు కూడా ఇదే జరిగింది గదా! మైసూరు రాష్ట్రంలో 1961 చట్టంతో, తమిళనాడులో 1980లో, ఆంధ్రప్రదేశ్‌లో 1984లో వంశపారంపర్య గ్రామోద్యోగాలు పోయాయి. కరణం, పటేలు, కులకర్ణి, దేశాయి, పట్నాయక్ అనే పేర్లు మాత్రం ఇళ్ళకు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు మన భాషకు సంబంధించిన షుల్ట్స్ దగ్గరకు వద్దాం. బెంజమిన్ షుల్ట్సె 1689లో బ్రాండెన్‌బుర్గ్ రాజ్యంలోని సోనెన్‌బుర్గ్‌లో పుట్టాడు. హాలె నగరంలో చదువుకుని, 1719లో మిషనరీగా తరంగంబాడికి వచ్చాడు. 1726లో మద్రాసు చేరాడు. ఆనాటి మద్రాసు వీధుల్లో తమిళంతో పాటు తెలుగు బాగా వినబడేది. ఆయన తెలుగు నేర్చుకుని, 1728లో యూరపువారి కోసం లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. ఆ కాలపు మిషనరీల రాతల్లో తెలుగుకు 'వరుగు' భాష అనే పేరు కూడా కనబడుతుంది. తమిళులు మనల్ని 'వడుగర్' అంటారు గదా, ఆ మాటే అది. షుల్ట్సె 1743లో స్వదేశం వెళ్ళిపోయాడు. 1746, 1747 సంవత్సరాల్లో హాలెలో ఆయన తెలుగు అనువాదాలు, చిన్న చిన్న క్రైస్తవ మత గ్రంథాలు, అచ్చయ్యాయి. తెలుగు ముద్రణ చరిత్ర రాసేవారు అక్కడి నుంచే మొదలుపెడతారు. 1760లో ఆయన మరణించాడు. ఆయన వ్యాకరణం మాత్రం రాతప్రతిగానే ఉండి, 1984లో హాలెలో వెలుగు చూసింది. ఆయన మత ప్రచారం మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, మన భాష అచ్చులోకి రావడంలో ఆయన పాత్ర కాదనలేనిది. మన పుస్తకాల్లో ఆయన పేరును షుల్జ్ అనీ, షుల్ట్జ్ అనీ రకరకాలుగా రాస్తారు. జర్మన్ గుమస్తాలే స్థిరంగా రాయని పేరు, మనం మాత్రం ఎలా స్థిరంగా రాస్తాం!

ఆయన పుట్టిన సోనెన్‌బుర్గ్ ఇవాళ జర్మనీలో లేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1945లో సరిహద్దు ఓడర్, నైసె నదుల దగ్గరకు జరిగింది. ఆ ఊరు పోలండులో చేరి స్వొన్స్క్ అయింది. తూర్పు ప్రాంతాల నుంచి, మధ్య యూరపు నుంచి సుమారు కోటీ ఇరవై లక్షల మంది జర్మన్లు పారిపోయారు, లేదా వెళ్ళగొట్టబడ్డారు. సైలీషియా వదలివచ్చినవారు తెచ్చుకున్న కొద్ది సామానుతో పాటు షోల్ట్స్ అనే పేరు కూడా పడమటికి వచ్చింది. మనిషిని ఊరి నుంచి లేపవచ్చు గానీ ఊరు పెట్టిన పేరును తీసివేయడం కష్టం.

జర్మనీ ఇటీవలి రాజకీయాల్లోనూ ఈ పేరు కనిపిస్తుంది. సోషల్ డెమోక్రటిక్ పార్టీ 2017 ఎన్నికల్లో ఛాన్సలర్ అభ్యర్థిగా మార్టిన్ షుల్ట్స్‌ను నిలిపి ఓడిపోయింది. 2021లో ఓలాఫ్ షోల్ట్స్‌ను నిలిపి గెలిచింది. ఆయన 2021 డిసెంబరు నుంచి 2025 మే దాకా ఛాన్సలర్‌గా ఉన్నారు. మూలంలో రెండూ ఒకే పేరు.

ఈ పేరు జర్మన్ భాష హద్దులు కూడా దాటింది. పోలండులో గ్రామపెద్దను ఇవాళ్టికీ 'సొల్తిస్' అంటారు. మన షుల్ట్‌హైస్ మాటే అది. అక్కడ సుమారు 40 వేల గ్రామ విభాగాలున్నాయి, ఒక్కొక్కదానికి ప్రజలు ఎన్నుకున్న ఒక సొల్తిస్ ఉంటారు. వారిలో ఆడవారు కూడా చాలామంది. పుట్టినచోట కేవలం ఇంటిపేరుగా మిగిలిన మాట, పొరుగు భాషలో ప్రాణమున్న పదవిగా బతుకుతోంది. పోలిష్ వర్ణక్రమంలో రాసిన షుల్ట్స్ అనే ఇంటిపేరు కూడా అక్కడ మామూలే. అట్లాంటిక్ అవతల అమెరికాలో మధ్య 'టి' చేరి షుల్ట్జ్ అయింది. పీనట్స్ బొమ్మల కథతో లోకాన్ని నవ్వించిన చార్లెస్ షుల్ట్స్ అక్కడే 1922లో పుట్టాడు. తండ్రి జర్మనీ నుంచి వెళ్ళిన మంగలి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మన్ పేరుంటే అమెరికాలోను, ఇంగ్లండులోను అనుమానంగా చూసేవారు. ఎందరో ష్మిట్‌లు స్మిత్‌లుగా, మ్యూలర్‌లు మిల్లర్‌లుగా మారిపోయారు. బ్రిటిష్ రాజకుటుంబమే 1917లో తన జర్మన్ పేరు వదిలి విండ్సర్ అనే పేరు పెట్టుకుంది.

పేరు చూసి మనిషిని అనుమానించడం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంకొక్క షుల్ట్స్ కథ చెప్పాలి. బ్రూనో షుల్ట్స్ 1892లో ద్రోహోబిచ్ అనే ఊళ్ళో పుట్టాడు. అది అప్పుడు ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉంది, తర్వాత పోలండులోకి వచ్చింది, ఇవాళ ఉక్రెయిన్‌లో ఉంది. ఆయన ఇంటిపేరు జర్మన్. పుట్టింది యూదు కుటుంబంలో. రాసింది పోలిష్ భాషలో. వృత్తి బడిలో పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పడం. 20వ శతాబ్దపు పోలిష్ కథకుల్లో ఆయన్ను మొదటి వరుసలో చెబుతారు. 1942 నవంబరు 19న ఆ ఊరి వీధిలోనే ఒక గెస్టపో అధికారి ఆయన్ను కాల్చి చంపాడు. ఏ జర్మన్ గ్రామపెద్ద పేరు ఆయన మోస్తున్నాడో, ఆ జర్మన్ రాజ్యమే ఆయన్ను మనిషిగా లెక్కచేయలేదు. నాజీలు అంతకుముందే, 1938లో ఉత్తర్వు చేసి, పేరులో యూదుతనం కనబడని యూదులందరూ 1939 నుంచి మగవారైతే ఇజ్రాయెల్ అనీ, ఆడవారైతే సారా అనీ అదనపు పేరు తగిలించుకోవాలని శాసించారు. ఎందుకు? మామూలు పేరు మనిషి పుట్టుకను పట్టి ఇవ్వడం లేదు గనుక. షుల్ట్స్ అనే పేరు క్రైస్తవుడికీ ఉంది, యూదుడికీ ఉంది, జర్మన్‌కీ ఉంది, పోలుకీ ఉంది.

అందుచేత ఇంటిపేరు మనకు ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు అనేది విడదీసి చూడాలి. ఎప్పుడో ఒక ఊళ్ళో ఎవరికో ఒక కొలువు ఉండేదని చెబుతుంది. ఆ ఇంటివారు ఏ దిక్కు నుంచి కదిలివచ్చారో కొంత సూచిస్తుంది. ఏ గుమస్తా ఏ లిపిలో రాశాడో చెబుతుంది. ఇప్పుడు ఆ పేరు మోస్తున్న మనిషి ఏ భాషవాడు, ఏ దేశానికి చెందినవాడు, ఎవరిపట్ల విశ్వాసం ఉన్నవాడు అనేది మాత్రం చెప్పదు. ఆ తీర్పు పేరును బట్టి ఇచ్చినచోటల్లా అన్యాయమే జరిగింది.

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఈ విషయం పుస్తకాల్లోది కాదు. హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, చంద్రపూర్‌లో, యానాంలో తెలుగు ఇంటిపేర్లు వేర్వేరు లిపుల్లోకి ఎక్కాయి. తమిళనాడులో తండ్రి పేరు మొదటి అక్షరమే ఇంటిపేరు స్థానంలో నిలిచింది. ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న ప్రాంతాల్లో 1881 నాటి డిక్రీ కింద ఫ్రెంచి పౌరచట్టానికి ఒప్పుకున్నవారు కొత్త ఇంటిపేర్లే ఎంచుకోవలసి వచ్చింది. బడిలో హాజరుపట్టీ పిలిచేటప్పుడు నేను రోజూ చూస్తుంటాను. ఇంట్లో అమ్మమ్మ చెప్పే ఇంటిపేరు ఒకటి, రిజిస్టరులో ఉన్నది ఒకటి. పిల్లలను అడిగితే అసలు ఇంటిపేరు తెలియదనే వారే ఎక్కువ. ఏ ఊరి నుంచి వచ్చామో, ఏ కొలువు చేశామో చెప్పే ఆ ఒక్క మాట పెద్దవాళ్ళతోనే పోతోంది.

జర్మన్లు టెలిఫోను పుస్తకం ముందు పెట్టుకుని తమ ఇంటిపేర్లన్నిటికీ పటాలు గీసుకున్నారు. మనకు అంత పెద్ద పని అక్కరలేదు. ఇంట్లో ఉన్న పెద్దవారిని కూర్చోబెట్టి, మన ఇంటిపేరు ఏమిటి, ఎందుకు వచ్చింది, మనవాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చారు అని అడిగి, పిల్లల చేత ఒక నోటుపుస్తకంలో రాయించండి. ఏ లిపిలో రాసినా సరే. అడగవలసినవారు ఉన్నప్పుడే అడగాలి గదా.